జపాను గృహముల యుద్ధస్మృతులు

'రైలుబడి' యను పుస్తకము పిల్లలున్న తెలుగు ఇండ్లలో తఱచుగా కానవచ్చును. జపాను రచయిత్రి కురోయనాగి తెత్సుకో 1981 లో ప్రకటించిన బాల్యస్మృతుల కది తెలుగు రూపము. ఉపాధ్యాయులు దానిని విద్యాగ్రంథముగా చదువుదురు. తలిదండ్రులు పిల్లలను పెంచు విధము తెలుపు గ్రంథముగా చదువుదురు. మేమును బడిపంతులమే గావున మొదట నట్లే చదివితిమి. పాత రైలుపెట్టెలలో తరగతులు నడపిన ఆ టొమోయె పాఠశాలను, మఱియొక బడినుండి వెడలగొట్టబడి వచ్చిన చిన్నపిల్ల మాటలను తొలిదినముననే గంటలకొలది విసుగులేక వినిన ప్రధానోపాధ్యాయుడు కొబయాషి సోసాకును మెచ్చుకొని, కడపటి ప్రకరణములను తొందరగా త్రిప్పివేసితిమి. ఈ యేడు తరగతిలో బిగ్గరగా చదివి వినిపింపవలసి వచ్చినపుడు గాని, ఆ పుస్తకములో మఱియొక పుస్తకము దాగియున్నదని మాకు తెలియలేదు. యుద్ధకాలమున ఒక జపాను కుటుంబము బ్రదికిన బ్రదుకే ఆ రెండవ పుస్తకము.

అందు యుద్ధము పేరుపెట్టుకొని రాదు. రైలు స్టేషనులో నాణెము వేసినచో మిఠాయిపొట్లము వెలువడు యంత్ర మొకటి యుండును. టోటోచాన్ అందులో డబ్బు వేసి ఎంత కుదిపినను ఏమియు రాదు; ఎన్నడో మఱచిపోయిన పొట్ల మొక్కటైన లోపల మిగిలియుండునేమో యని ఆ పిల్ల మరల మరల ప్రయత్నించును. పిల్లలకు ప్రియుడైన బడి పనివాడు సేనలో చేరుటకు పోవును. తుదకు 1945 లో విమానములు కురిపించిన నిప్పులో బడియే కాలిపోవును. దేశమున చక్కెర లేదు, పురుషులు లేరు, ఇండ్లు లేవు అను మూడు మాటలను రచయిత్రి మూడు వస్తువులతో చెప్పినది. చరిత్రకారుడు పట్టిక వేసి చూపునది యిదియే. కాని పట్టికలోని చక్కెర నోరూరింపదు.

ఈ ప్రకరణములలో మాకు మిక్కిలి విలువగలదిగా తోచినది వాయులీనపు కథ. టోటోచాన్ తండ్రి వాద్యబృందమున ప్రధాన వాయులీనకారుడు. కర్మాగారములకు పోయి యుద్ధగీతములు వాయించినచో బియ్యము, చక్కెర ఇత్తురని ఆయనకు కబురు వచ్చినది. ఇంట తిండి చాలకున్నది. ఆయన కొంతసేపు ఆలోచించి, తన వాయులీనముపై ఆ పాటలు వాయింపలేననెను. భార్య ఎదురాడలేదు. కథ యింతియే. రచయిత్రి తండ్రిని వీరునిగా నిలువబెట్టలేదు, ఆయనచేత ఉపన్యాస మిప్పింపలేదు. పిదప ఆయనయు సైన్యమునకు పిలువబడి, సైబీరియాలో బందీయై, 1949 చివరను గాని ఇల్లు చేరలేదు. ఇట్టి మనుష్యుని గూర్చి కూతురు గొంతెత్తక వ్రాయగలుగుట సామాన్యము కాదు.

ఇట్టి స్మృతులు జపానుదేశమున ఒకటి రెండు గావు. వానిలో మనబోటి గృహపత్రికల చదువరులు ముఖ్యముగా ఎఱుగదగిన దొకటి కలదు. 'కురాషి నో తెచో' అను గృహిణుల పత్రిక 1948 లో పుట్టినది. వంటలు, కుట్టుపని, ఇంటి సామానుల మంచిచెడ్డలు దాని విషయములు. 1968 ఆగస్టులో ఆ పత్రిక ఒక సంచిక నంతటిని, పాఠకులు పంపిన యుద్ధకాలపు జీవనస్మృతులకే విడిచినది. 1,700 లకు మించి వ్రాతలు వచ్చినవి. వానిలో కొన్నిటి నేరి ప్రకటించి, మఱుసటి యేడు పుస్తకముగా కూర్చిరి. సేనాపతుల పేర్లకు అందు తావులేదు. బియ్యపు చీటీలు, దుంపలు, వరుసలో నిలుచుట, పిల్లలను పల్లెలకు పంపుట, కాలిన యింటి బూడిదలో గిన్నెలు వెదకుట, ఇవియే దాని ప్రకరణములు.

ఆ కాలపు కొలతలను చదువరులు మనస్సున నుంచుకొనవలెను. 1941 ఏప్రిలునుండి పెద్ద పట్టణములలో వయోజనునికి దినమునకు ఇంచుమించు 330 గ్రాముల బియ్యము నిర్ణయింపబడెను. కూర, పప్పు, నెయ్యి సమృద్ధిగా నున్న యింట ఈ బియ్యము చాలునని మన గృహిణులు అనవచ్చును. అచ్చట ఆ తోడివస్తువులే లేవు. రానురాను బియ్యమునకు బదులు చిలగడదుంపలు, సోయాగింజలు ఇయ్యసాగిరి. 1945 జూలైలో ఆ కొలతయు తగ్గెను. వస్త్రములకు 1942 నుండి లెక్కచీటీలు వచ్చినవి. ఇంటనున్న లోహపు వస్తువులను, దేవాలయముల గంటలను ఆయుధములకై తీసికొనిపోయిరి. కురోయనాగి 2023 లో, తన తొంబదియవ యేట, మొదటి పుస్తకమునకు తరువాయి ప్రకటించినది. తల్లి వేయించిన సోయాగింజలు 15 లెక్కపెట్టి యిచ్చి, దినమంతయు వానితో గడుపుమని చెప్పి బడికి పంపెడిదట. ఆ గింజలను ఎప్పు డెన్ని తినవలెనో ఆ పిల్ల తనలో తాను లెక్క వేసికొనెడిది. యుద్ధము తీరువాత పట్టణపు ఇల్లాండ్రు తమ పట్టుబట్టలను ఒక్కొక్కటిగా పల్లెలకు మోసికొనిపోయి దుంపలకు మార్చుకొనిరి. వెదురుమొలక పొరలు ఒలిచినట్లున్నదని ఆ బ్రదుకునకు 'వెదురుమొలక బ్రదుకు' అని పేరు పెట్టుకొనిరి. పేరు పెట్టిన నోటిలో ఏడుపును కలదు, నవ్వును కలదు.

ఇట్టి వ్రాతలకు అలంకారములు లేవని కొందఱు పెదవి విఱుతురు. మా సంస్కృత గురువులు నేర్పినదానిలో మాకింకను ఉపయోగపడుచున్న దొకటి కలదు. దండి అలంకారములను చెప్పుచు స్వభావోక్తిని మొదటిదిగా నెన్నెను. ఉన్నదాని నున్నట్లు చెప్పుట అలంకారమెట్లగునని తరువాతివారు వాదించిరి. పదునైదు గింజల లెక్క చదివిన పిదప మేము దండి పక్షము వహించితిమి.

ఇంతవరకు పొగడ్త. ఇక మాకు కలిగిన సందేహమును దాచుట విమర్శకధర్మము గాదు.

ఇంటివారి స్మృతికి సహజమైన దోష మొకటి కలదు. అది తనకు పడిన దెబ్బను మఱవదు. తన చేయి చేసిన పనిని మఱచును. 1945 మార్చి 10 రాత్రి టోక్యోలో ఇంచుమించు లక్ష ప్రాణములు కాలినవి. ఆ రాత్రిని గూర్చి వ్రాసినవా రెందఱో. కాని ఆ యుద్ధము ఆ రాత్రి మొదలు కాలేదు. 1937 లో జపాను సేనలు చైనా నగరములలో దూరినపుడు ఇదే ఇండ్లనుండి ఇదే స్త్రీలు పతాకములు పట్టుకొని స్టేషన్లకు పోయి సైనికులను సాగనంపిరి. సైనికుని నడుమునకు కట్టు 'వేయికుట్ల' గుడ్డకై తల్లులు వీథిలో నిలిచి, దారిని పోవు స్త్రీలచే ఒక్కొక్క కుట్టు వేయించుకొనిరి. పులిసంవత్సరమున పుట్టిన స్త్రీ మాత్రము తన వయస్సెంతయో అన్ని కుట్లు వేయవచ్చునట. పులి ఎంత దూరము పోయినను తిరిగివచ్చునని నమ్మకము. నాలుగు సెన్లు అను మాటయు మరణరేఖ అను మాటయు వారి భాషలో వినుటకు ఒక్కటే గావున, దానిని దాటినట్లుగా అయిదు సెన్ల నాణెమును ఆ గుడ్డలో కుట్టెడివారు. ఆ ప్రేమను శంకించుట పాపము. కాని ఆ గుడ్డ కట్టుకొని పోయినవాడు ఎవరి వాకిట నిలిచెనో, అచ్చట నేమి చేసెనో గుడ్డ కుట్టిన తల్లి స్మృతిలో లేదు. ఆమెకు తెలియదనుట నిజము కావచ్చును. యుద్ధము ముగిసి ఇరువది యేండ్లైన పిదపను తెలిసికొనకుండుట వేఱు విషయము.

ఇచ్చట కురోయనాగి చెప్పిన చిన్నకథ యొకటి ఆ స్మృతుల నన్నిటిని తూచు రాయివంటిది. చిన్నతనమున ఆమె జియూగఓకా స్టేషనునకు పోయి, యుద్ధమునకు పోవువారికి జెండా యూపెడిది. ఊపిన పిల్లలకు 'సురుమె' ముక్క ఇచ్చెడివారు. సురుమె యనగా ఎండబెట్టిన ఒక సముద్రజంతువు. మన ఎండుచేపవలె కాల్చుకొని తిందురు. ఆకలిగొన్న పిల్ల ఆ ముక్కకొఱకే పోయెడిది. తాను జెండా యూపగా చూచి నవ్వుచు వెడలినవారిలో ఎందఱు చచ్చిరో యని తరువాత తలచుకొని, యుద్ధములో తన బాధ్యత అదియే యని ఆమె చెప్పుకొన్నది. పది యేండ్లైన నిండని పిల్లకు బాధ్యత యేమని మనమందుము. ఆమె అట్లనలేదు. తండ్రి వాయింపనన్న కథను చెప్పిన నోటితోనే తాను ఊపిన కథయు చెప్పినది. ఈ రెండవది లేనియెడల మొదటిది కుటుంబపు గొప్పగా మిగిలిపోయెడిది.

నోసాకా అకియుకి కథయు నిట్టిదే. 1967 లో ఆయన ప్రకటించిన 'మిణుగురుల సమాధి'లో అనాథయైన అన్న చిన్నచెల్లెలిని కడవఱకు ప్రేమతో సాకి, ఆకలిచే పోగొట్టుకొనును. 1988 లో చలనచిత్రమై అది లోకమునంతటిని ఏడ్పించెను. నోసాకా పెంపుడు చెల్లెలు 1945 లో నిజముగానే తిండిలేక చనిపోయినది. కాని తాను కథలోని అన్నవంటివాడను గానని, ఆ పసిదాని తిండి తానే తింటినని, ఏడ్చినపుడు కొట్టితినని ఆయన పిమ్మట ఒప్పుకొనెను. కథను చెల్లెలికి చెల్లింపలేని ఋణముగా వ్రాసెను. కథ గొప్పదా, ఒప్పుకోలు గొప్పదా యని అడిగినచో మేము రెండవదే యందుము. అయినను మొదటిది లేనిదే రెండవదానిని ఎవరు విందురు?

ఇంక మన సంస్కారప్రియులకు నొప్పి కలిగించు విషయమునకు వత్తము. 1932 లో ఒసాకాలో కొందఱు గృహిణులు, ఓడయెక్కు సైనికులకు తేనీరు అందించుటతో ఒక దేశరక్షణ మహిళాసంఘమును ఆరంభించిరి. వంటయింటి తెల్లని పైకోటే వారి సంఘచిహ్నము. కలవారి యిల్లాలైనను కూలివాని భార్యయైనను ఆ పైకోటు తొడిగినచో ఒక్కటే. కొద్దికాలములో సైన్యపు ప్రాపున దేశమంతట వ్యాపించెను. స్త్రీలకు వోటుహక్కుకై జీవితమంతయు పోరాడిన ఇచికావా ఫుసాయె దీనిని చూచి, పొలముపని, అత్తగారి యిల్లు తప్ప ఎఱుగని పల్లెపడుచునకు పూట పూటంత సభకు వెడలివచ్చుటయే విముక్తి యని తలచినది. ఆ మాటలో నిజము లేకపోలేదు. ఆ విముక్తి కర్చు చెల్లించినది చైనాలోని పల్లెపడుచు. ఇచికావాయు యుద్ధకాలపు ప్రభుత్వసంస్థలలో పాల్గొన్నందున 1947 నుండి 1950 వఱకు ప్రజాపదవులనుండి తొలగింపబడెను. ఆమె కోరిన వోటును జపాను స్త్రీలు 1946 ఏప్రిలులో మొదటిసారిగా వేసిరి.

మితవ్యయము, ఆడంబరములేని పెండ్లి, నిరాడంబరమైన వేషము, స్త్రీలు సభలకు వచ్చుట: ఇవి మన పత్రికలు ఏండ్లతరబడి బోధించిన విషయములు. ఇవియన్నియు ఆ దేశమున 1940 నాటికి ప్రభుత్వపు గోడపత్రికల కెక్కినవి. విలాసము శత్రువని పట్టణపు కూడళ్లలో వ్రాసిరి. జుట్టు వంకులు తిప్పించుకొన్న స్త్రీని వీథిలో నిందించిరి. ఆ నిందించినవారిలో పరులవలె దుష్టులు కొందఱే. తక్కినవారు మనవంటివారే, మంచిపని చేయుచున్నామనుకొన్నవారు. ఆ గృహపత్రిక సంపాదకుడు హనమొరి యసుజి కథ యింకను విచిత్రము. యుద్ధకాలమున ఆయన ప్రభుత్వమునకు అండగా నిలిచిన పెద్దసంస్థలో ప్రచారశాఖయందు పనిచేసెను. గెలుచువఱకు ఏమియు కోరమని పిల్లలచేత పలికించిన నినాదము ఆ కాలపు ప్రచారములోనిదే. పాతికేండ్లకు ఆయనయే ఆ పిల్లల తల్లుల వ్రాతలు చేర్చి అచ్చువేసెను. తాను యుద్ధాపరాధము చేసినవాడనేనని బహిరంగముగా నొప్పుకొనెను. ఆ సంచికను దాచి పిల్లల కిమ్మని పాఠకులను వేడుకొన్న సంపాదకుడు ఏమి యెఱిగి అట్లు వేడుకొనెనో ఇపుడు మనకు తెలియును. అయినను ఆ సంచికలో బాధపడినవారి గొంతు నిండుగాను, బాధపెట్టినవారి గొంతు పలుచగాను వినవచ్చునన్న మా యభిప్రాయము మారలేదు.

మన భారతములో ఈ కొఱత లేదు. స్త్రీపర్వమున గాంధారి యుద్ధభూమిని చూచును. నూర్గురు కొడుకులు పోయిన తల్లి. ఆమె తన కొడుకుల కళేబరములకడనే నిలిచిపోయిన ఎవ్వరును తప్పుపట్టరు. కాని ఆమె కన్ను అభిమన్యునిపై పడి యేడ్చు ఉత్తరయొద్దకు పోవును. ఆ బాలుని చంపినవారు తనవారే. గంతలు కట్టుకొన్న తల్లికి ఆ దృశ్యము చూపిన వ్యాసుని తలచుకొన్నచో, ఇంటివారి స్మృతి యెంతవఱకు చూడవలెనో తెలియును. తిక్కన తెనుగున ఆ పర్వము చదివినవారికి మేము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇది పరదేశపు తగవని చదువరులు దూరముగా నుంచరాదు. 1942 ఏప్రిల్ 6 న జపాను విమానములు విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు వేసినవి. ఆ యేడే రంగూనునుండి వేలకొలది తెలుగు కూలీలు అడవిదారిని నడచుచు, త్రోవలో సగముమందిని పోగొట్టుకొనిన కుటుంబములతో తిరిగివచ్చిరి. టోక్యోలో జెండాలూపిన స్త్రీలకు ఈ కూలీల సంగతి తెలియదు.

మా మామ్మగారు అప్పుడు విశాఖలో పండ్రెండేండ్ల పిల్ల. బాంబులు పడిన మఱునాడు బండి కట్టించుకొని ఊరు విడిచిన కథను ఆమె మాకు వందసార్లు చెప్పెను. ఇత్తడి బిందెలను దొంగలకు దొరకకుండ నూతిలో వదలినది, దారిలో ఎద్దు చతికిలబడినది, తమ్ముడు దాహమని యేడ్చినది, ప్రతిసారియు అదే వరుసలో చెప్పెడిది. వినుచు మేము కన్నీరు పెట్టెడివారము. ఆమె పుట్టినింటికి మేడ యొకటి కలదు. దానిని 1943 లో కట్టిరి. బర్మా బియ్యము రాక ధాన్యపు ధర మిన్నుముట్టిన సంవత్సర మది. వంగదేశమున లక్షలమంది తిండిలేక చచ్చిన సంవత్సరము. ఆమె తండ్రి ధాన్యపు వర్తకుడు. బండికథను వందసార్లు చెప్పిన నోట మేడకథ ఒక్కసారియు రాలేదు. మేమును అడుగలేదు. ఆమె పోయి పదునైదేండ్లైనది. జపాను తల్లులను తప్పుపట్టుటకు కలమెత్తినపుడెల్ల ఆ మేడమెట్లు మాకు జ్ఞప్తికి వచ్చును.

అట్లని ఊరకుండుటయు తగదు. జపానువారే ఊరకుండలేదు. 1986, 1987 సంవత్సరములలో 'అసాహి' దినపత్రిక యుద్ధస్మృతులను లేఖలుగా పంపుమని పాఠకులను కోరి, నెలలతరబడి ప్రకటించినది. ఫ్రాంక్ గిబ్నీ కూర్పున 1995 లో వానిలో కొన్ని ఆంగ్లమున వెలువడినవి. గృహపత్రిక సంచికకును దీనికిని భేద మేమనగా, ఇచ్చట లేఖకు లేఖ జవాబు చెప్పును. చైనాలో తాను చేసిన ఘోరము నొక ముసలి సైనికుడు వ్రాయును. చనిపోయినవారికి మచ్చ తెచ్చుచున్నావని మఱియొకడు కోపించును. ఇన్నాళ్లును మా తండ్రి మాటాడక కూర్చుండుటకు కారణమిదియా యని ఒక కుమార్తె అడుగును. ఈ తగవు చదువుటకు గృహపత్రిక స్మృతులవలె సొంపుగా నుండదు. కొన్ని లేఖలు మొండివి, కొన్ని తమ్ముతాము సమర్థించుకొన్నవి. మాకు మాత్రము ఇంటివారి స్మృతి నిజముగా ఇంటివారిదైనది ఇచ్చటనే. నిండుకుటుంబమన్నచో కలహ ముండకమానదు గదా.

'రైలుబడి'లో మసావో యను పిల్లవాని ప్రకరణము కలదు. 1910 నుండి జపాను పాలనలో నున్న కొరియాదేశపు కుటుంబము వానిది. పేరు మాత్రము జపాను పేరే. ఆ దేశీయులు పాలకుల పేర్లు పెట్టుకొనవలెనని 1940 నుండి నిర్బంధించిరి. ఆ పిల్లవాడు గట్టుపై నిలిచి, టోటోచాన్‌ను చూచి 'కొరియాదానా!' అని అఱచును. పిల్ల యింటికి వచ్చి తల్లి నడుగగా ఆమె కన్నీరు పెట్టుకొనును. లోకులందఱు తన్ను ఆ మాటతోనే కేకలు వేయగా, అది తిట్టనుకొని పిల్లవాడు ఎదుటివారిపై విసరుచున్నాడని చెప్పును. ఈ ప్రకరణమున బాంబు లేదు, ఆకలి లేదు. మొత్తము పుస్తకములో యుద్ధమునకు మూలము కనబడునది మాత్రము ఇచ్చటనే యని మా తలంపు.

మేము దానిని ఎనిమిదవ తరగతిలో చదివిన దినమున పిల్లలు కొంతసేపు మాటాడలేదు. వెనుకబల్లనుండి ఒక బాలిక లేచి, "ఆ అబ్బాయి కూడా పెద్దవాడై తన కథ రాసుకున్నాడా, మాస్టారూ? అందులో టోటోచాన్ ఉందా?" అని అడిగెను. ఇంతలో గంట కొట్టిరి. తక్కినవారు పుస్తకములు సర్దుకొనిరి గాని ఆ పిల్ల కూర్చుండలేదు.